రోజుకొక గీత

"ముప్పై మూడమ్మా," అన్నాడు దొరస్వామి ఫోనులో. గొంతులో గర్వం దాగలేదు. "సూసినాక నాకే నమ్మకం రాలేదు. మన సెంటర్‌లో ఏ ఆవు పాలకూ ఇంత గీత వచ్చిండ్లేదు."

కుప్పం ఆసుపత్రి మేడమీది ఆడవాళ్ళ వార్డులో, ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్న నీరజ, తండ్రి మాటకు ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

ముప్పై మూడు. ఉండాల్సింది ఇరవై ఆరు.

అది పాల గీత కాదు. పుంగనూరులో వాళ్ళ ముందుగదిలో, మనిషి పడుకునేంత పొడవున్న గాజుతొట్టిలోని సముద్రపు నీళ్ళ గీత.

ఆ తొట్టి వచ్చింది మూడేళ్ళ కిందట. అప్పటికి నీరజకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి తర్వాత ఆమె గోడ వైపు తిరిగి పడుకుంటే వారాల తరబడి లేవలేదు. చుట్టపుచూపుకు వచ్చిన ఒకావిడ, ఈ పిల్ల చేతిలో ఏదీ నిలవదని వంటింట్లో అన్నమాట గోడ దాటి ఆమె చెవిన పడింది. భర్త నాగేంద్ర మదనపల్లె టమేటా మండీలో లారీలు పంపే పని చేస్తాడు. పెళ్ళాన్ని ఎట్లా లేపాలో తెలియక, మద్రాసుకు టమేటాలు దించి ఖాళీగా తిరిగొచ్చే లారీలో ఒక గాజుతొట్టి, క్యాన్లకొద్దీ సముద్రపు నీళ్ళు, ఒక జత చేపలు తెప్పించాడు. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలున్న చేపలు. వాటితోపాటు అవి కాపురముండే ఒక ప్రాణి. చూడ్డానికి పువ్వులాగే ఉంటుంది, రేకులు ఊపుతూ ఉంటుంది. నీరజ దాన్ని పువ్వనే పిలిచింది.

సముద్రం చూడని ఊళ్ళో సముద్రపు చేపలేమిటని వీధంతా నవ్వింది. వారం కూడా బతకవన్నారు. మూడేళ్ళు బతికాయి. బతికించింది నీరజ.

నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే గాజు కొలత మద్రాసులో దొరుకుతుంది కానీ లారీలో పుంగనూరు చేరేసరికి రెండుసార్లూ పగిలింది. అప్పుడు నీరజకు తండ్రి ల్యాక్టోమీటర్ గుర్తొచ్చింది. దొరస్వామి ముప్పై ఏళ్ళు పాలకేంద్రం నడిపిన మనిషి. పాలలో తేలే ఆ గాజుగొట్టం చెప్పేదీ, ఉప్పునీళ్ళ కొలత చెప్పేదీ ఒకటే: మామూలు నీళ్ళకంటే ఇది ఎంత బరువని. చేపల అంగడివాడిచ్చిన కాగితంలోని అంకె, పాలగొట్టం మీద ఇరవై ఆరో గీత దగ్గర సరిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒకటే మాట, గీత ఇరవై ఆరు.

ఇప్పుడు ఆమెకు ఆరో నెల. ఉన్నట్టుండి రక్తం కనబడితే కుప్పానికి తీసుకొచ్చారు. కాలు కింద పెట్టొద్దని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. తొట్టి తండ్రి చేతికి వచ్చింది.

ఆయన పుంగనూరికి బయల్దేరే ముందు మంచం పక్కన కూర్చోబెట్టుకుని ఆమె ఆయనకు రెండుసార్లు చెప్పింది. ఎండాకాలం, తొట్టిలో నీళ్ళు రోజూ ఆవిరై కిందికి దిగుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి గాజు మీద అంటించిన టేపుదాకా క్యాను మంచినీళ్ళు మాత్రం పొయ్యాలి. ఆయన తల ఊపాడు. రోజూ ఫోనులో గీత ఎట్లా ఉందంటే ఫస్ట్ క్లాసుగా ఉండాదనేవాడు. అంకె అడగాలని ఆమెకు తోచలేదు. ఈ రోజు పువ్వు రెండు దినాల్నుంచి ముడుచుకుని ఉందని ఆయన మాటల్లో జారవిడిస్తే అప్పుడడిగింది.

"నాయనా, టేపు కాడికి ఏ నీళ్ళు పోస్తాండావు?"

"ఉప్పు కలిపిన నీళ్ళేనమ్మా. నీ డబ్బాలో ఉప్పే. రోజూ ఒగ గుప్పెడు ఎక్కువే ఏస్తాండా, సిక్కగా ఉండనీ అని."

"ఒట్టి నీళ్ళు పొయ్యమంటి కదా."

 "అదెట్లమ్మా," అన్నాడు. "నీళ్ళు కలిపినోళ్ళను ముప్పై ఏండ్లు పట్టుకున్న సెయ్యి ఇది. నా బిడ్డ తొట్టిలో నేనే నీళ్ళు కలుపుతానా?"

నీరజ కళ్ళు మూసుకుంది. కోపం రాలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు, సోమరితనం చెయ్యలేదు. చెయ్యి ఒప్పలేదు, అంతే. ఎంత ఎక్కువ గీత పలికితే అంత మంచి సరుకని నమ్మి బతికిన మనిషికి, ఇక్కడ ఎక్కువ కూడా తక్కువంత చెడ్డదేనని ఎవరు మాత్రం నేర్పారు?

"సేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తాండాయి," అన్నాడు ఆయన, ఇప్పుడు గొంతు తగ్గించి. "ఎండకేమో అనుకుంటి."

"ఎండ కాదు నాయనా, ఉప్పు. ఉప్పు మీరిపోయింది. ఇంగ ఒట్టి నీళ్ళు పొయ్యాల, అయితే..."

లైను తెగింది.

నీరజ ఫోను వైపు చూసింది. తెర మీద సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. ఆ వార్డు గోడలు కుప్పం రాతితో కట్టినవి, మంచం దగ్గర సిగ్నల్ దాని ఇష్టమొచ్చినప్పుడు వచ్చి పోతుంది. నికరంగా దొరికేది వార్డు చివరి కిటికీ దగ్గర మాత్రమే. రోగుల తోడువాళ్ళంతా అక్కడే నిలబడి మాట్లాడతారు. నీరజకు తోడెవరూ లేరు.

ఆమె చెప్పాల్సిన సగం ఇంకా మిగిలిపోయింది. ఆ సగమే ముఖ్యం.

దొరస్వామి తప్పును ఎట్లా సరిదిద్దుతాడో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు పాలకేంద్రంలో అరుగు మీద కూర్చుని ఎన్నోసార్లు చూసింది. గీత తగ్గితే ఆయన తిట్టడు, గొడవపడడు. క్యాను రెండు చేతులా ఎత్తి మొత్తం మోరీలో కుమ్మరిస్తాడు. కొంచెం ఉంచుకోవడం, కొంచెం సర్దుకోవడం ఆయనకు తెలియదు. ఇప్పుడు చెవినపడిన మాట ఉప్పు మీరిపోయిందని, ఒట్టి నీళ్ళు పొయ్యమని. ఈపాటికి గొట్టం పెట్టి తొట్టి సగం తోడేస్తూ ఉంటాడు. పక్కన క్యాన్లు వరుసగా పెట్టుకుని ఉంటాడు.

చేపలు తట్టుకుంటాయేమో. పువ్వు తట్టుకోదు. దాని ఒళ్ళంతా తొట్టి నీళ్ళే. చుట్టూ ఉన్న నీళ్ళు ఒక్కసారిగా మారితే అది లోపల్నుంచి చితికిపోతుంది. చితికిన పువ్వు కుళ్ళుతుంది. నీళ్ళు బయటికి పోయే దారిలేని తొట్టిలో పువ్వు కుళ్ళితే సాయంత్రానికి చేపలూ ఉండవు.

నాగేంద్రకు చెప్పాలన్నా ఫోనే కావాలి. మండీలో వేలం జరిగే వేళ, అందినా ఆ గోలలో వినబడదు, వినబడినా మదనపల్లె నుంచి పుంగనూరు చేరేసరికి అంతా అయిపోతుంది.

ఆమె కిటికీ వైపు చూసింది. ఎన్నో అడుగులు లేవు. దుప్పటి పక్కకు తోసి ఒక కాలు కిందికి జార్చింది. వేళ్ళకు నేల తగిలింది.

"కాలు పైకి పెట్టు పాపా."

పక్క మంచం దగ్గర కూర్చున్న రెడ్డెమ్మ. పెద్దపంజాణి పక్క పల్లె. కోడలు ఆదిలక్ష్మిని కాన్పుకు ముందుగానే చేర్చి, తోడుగా ఉంటోంది. ఆమె గట్టిగా అనలేదు. లేచి వచ్చి నీరజ పాదం తన చేత్తో పట్టుకుని, గంప సర్దినట్టు మంచం మీద సర్దింది.

"మూడు దినాల్నుంచి సూస్తాండా, నీ పానమంతా ఆ ఫోన్లోనే ఉండాది. ఇట్లా ఇయ్యి. ఏం సెప్పాల్నో నువ్వు సెప్పు, నేను ఆడ నిలబడి సెప్తా."

ఆమె కిటికీ దగ్గర నిలబడి, నీరజ చెప్పిన మీట నొక్కి, ఫోను చెవికి కాకుండా నోటికి ఎదురుగా పట్టుకుంది. వార్డంతా వినేంత గొంతు.

"ఎవురప్పా? నీరజ నాయననా? నేను పక్కమంచం రెడ్డెమ్మను. ఏమంటివి? దొరసామినా?" ఫోను చెవికి ఆనించుకుంది. "యా దొరసామి? పాల సెంటర్ దొరసామినా నువ్వు?"

ఆమె వెనక్కి తిరిగి నీరజను చూసింది. ఆ చూపు మారిపోయింది.

"మీ నాయన నా పాలు మోరీలో పోసినోడు పాపా."

నీరజ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. ఎన్ని క్యాన్లు, ఎందరి ముఖాలు. అందులో ఈ ముఖం ఆమెకు గుర్తులేదు. రెడ్డెమ్మ చేతిలో ఫోను ఉంది. కట్ చేసి తెచ్చి మంచం మీద పడేస్తే అడిగేవాళ్ళు లేరు. నీరజ ఆమె బొటనవేలినే చూస్తూ పడుకుంది.

రెడ్డెమ్మ ఫోను మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"సరేలే. నువ్వు సెప్పు పాపా, ఏమడగాల?"

ఇప్పుడేం చేస్తున్నాడో అడగమంది నీరజ. గొట్టం పెట్టాడట. నీళ్ళు బయటికి పోతున్నాయట. ఆపమను, ముందు ఆపమను అంది నీరజ. ఎంత పోయిందో అడిగించింది. సగం బకెట్టు.  సగం బకెట్టయితే పర్వాలేదు. ఈ రోజుకు తియ్యాల్సింది అంతే. ఆ సగం బకెట్టుకు బదులు సగం బకెట్టు మంచినీళ్ళు పోసి, ఇక రేపటిదాకా ముట్టుకోవద్దని చెప్పమంది.

దొరస్వామి ఒప్పుకోలేదు. తప్పని తెలిసినాక దాన్నింకా ఇంట్లో ఉంచుకోవడమేమిటి, మొత్తం కడిగేసి కొత్తగా నింపితే పోతుంది కదా అని ఆయన వాదన. రెడ్డెమ్మ ఆ మాటలు నీరజకు అందించలేదు. తనే అందుకుంది.

"ఇనప్పా దొరసామప్పా. ఆ పొద్దు మా పాలల్లో ఒగ సెంబు నీళ్ళు కలిసింది నిజమే. మా ఆదిలచ్చే కలిపింది, ఈడే పండుకోనుండాది. ఒగ సెంబు నీళ్ళకు క్యానంతా పారబోస్తివి. ఆ పూట ఇంట్లో బిడ్డలకు కాఫీకన్నా పాలు లేకపోయె. ఒగ సెంబు తప్పుకు ఒగ సెంబే తియ్యాల. ఇప్పుడు నీ బిడ్డ సెప్పేది కూడా అదే. గమ్మున ఇను."

పక్క మంచం మీద ఆదిలక్ష్మి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

 రెడ్డెమ్మ ఫోను ఊపి చూసింది, మళ్ళీ చెవిన పెట్టుకుంది. "పోస్తాడంట," అంది నీరజతో. "ఎట్లా పొయ్యాల్నో సెప్పమంటాండాడు."

నీరజ ఆలోచించింది. ఆయనకు కొత్త పద్ధతి చెబితే సగమే ఎక్కుతుంది. ఆయన చేతికి అలవాటైన పద్ధతిలోనే చెప్పాలి. పాలు పట్టినట్టే రెండు పూటలు, పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం, తీసినంతే పొయ్యడం అని చెప్పించింది. క్యాను నీళ్ళు ముందే తొట్టి పక్కన పెట్టుకోవాలి, రెండింటి వేడీ ఒకటి కావాలి. పోసేది పువ్వు మీద కాదు, మూలన నీళ్ళు తిప్పే మోటరు దగ్గర, సన్నటి ధారగా. రోజుకు ఒక్క గీత దిగితే చాలు, రెండు దిగితే ఆ మరుసటి రోజు ఊరుకోవాలి. పువ్వు ఇంకా ముడుచుకుంటే పొయ్యడం ఆపి తనకు ఫోను చెయ్యాలి.

రెడ్డెమ్మ ఒక్కొక్కటే చెప్పి, ఒక్కొక్కటీ ఆయన చేత తిరిగి చెప్పించుకుంది. తిరిగి వచ్చి ఫోను దిండు కింద పెడుతూ, మీ నాయన కండ్లనీళ్ళు పెట్టుకున్నట్టుండాడు, గొంతు తేడాగా ఉండాదంది. కొంచెం సంతోషంగానే అంది. కొంచెం జాలిగా కూడా.

ఆ రోజు నుంచి పూటపూటా అదే పని. రెడ్డెమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళడం, అంకె తేవడం. ముప్పై రెండు. ముప్పై ఒకటి. గీత దిగుతోంది కానీ పువ్వు తెరుచుకోలేదు. చేపలు దాన్ని విడిచి గాజు మూల నిలబడి ఉన్నాయి, మేత ముట్టడం లేదు.

నీరజకు రక్తపోటు పెరిగింది. నర్సు యశోదమ్మ పట్టీ విప్పుతూ, ఇట్లాగైతే ఫోను తీసి బీరువాలో పెడతానంది. చేపలు మళ్ళీ కొనుక్కోవచ్చు కదమ్మా అంది మెత్తగా. నీరజ ఫోను దిండు కిందికి తోసింది. కొనుక్కోవచ్చు. కానీ ఈ చేతుల్లో మూడేళ్ళు నిలబడినవి అవి, కొంటే దొరికేవి కావు. 

మరుసటి పూట రెడ్డెమ్మ కిటికీ దగ్గర్నుంచి మెల్లగా వచ్చింది. మంచం అంచున కూర్చుంది.

తొట్టిలో ఎర్ర రొయ్య ఒకటి ఉండేది, చేపల ఒళ్ళు శుభ్రం చేసేది. అది చచ్చిపోయింది. చెప్పొద్దని రెడ్డెమ్మే సలహా ఇచ్చిందట, కడుపుతో ఉన్న పిల్లకు ఇప్పుడెందుకని. దొరస్వామి వినలేదు.

"దాయకూడదంటాండాడు. గీతెంతో సెప్పకపోయినందుకే ఇంత జరిగెనంట. సచ్చింది సచ్చిందనే సెప్పమన్నాడు."

నీరజకు ఏడుపు వచ్చింది. ఏడ్చింది కూడా. ఆ తర్వాత ఆమెకే వింతగా, మనసు కుదుటపడింది. ఇన్నాళ్ళూ ఆమెను తినేసింది చావు భయం కాదు, ఎవరో ఏదో దాస్తున్నారన్న భయం. రొయ్యను వెంటనే తీసెయ్యమని, లేకపోతే నీళ్ళు చెడతాయని చెప్పి పంపింది. అప్పుడే తీసేశాడని జవాబు వచ్చింది. ఆ రాత్రి ఆమె నిద్రపోయింది.

ముప్పై. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది.

తర్వాత ఫోను మోగలేదు.

పుంగనూరు ఇంటి నెంబరుకు చేస్తే ఒకటే కూత. పొద్దున పూట పోయింది, సాయంత్రం పూట పోయింది, మరునాడూ అంతే. నాగేంద్ర సెల్లు పలకలేదు. రెడ్డెమ్మ కిటికీ దగ్గర నిలబడి నిలబడి వచ్చి, లైనేమో సెడిపోయినట్టుండాదని పదేపదే అంటోంది. అన్నకొద్దీ ఆ మాట బలం తగ్గుతోంది. నీరజ తనకు తనే లెక్కలు వేసుకుంది. పువ్వు చితికి ఉంటుంది. నీళ్ళు తెల్లగా మరిగిన గంజిలా అయి ఉంటాయి. తండ్రీ నాగేంద్రా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఎవరు చెప్పాలని కూర్చుని ఉంటారు.

ఆ మరుసటి ఉదయం వార్డు గుమ్మంలో నాగేంద్ర కనబడ్డాడు.

టమేటా పంట ముమ్మరంగా వచ్చే రోజులు. మండీ వదిలి వచ్చే మనిషి కాదు. గడ్డం మాసి ఉంది, చేతిలో గుడ్డసంచి. ఫోనులో చెప్పలేని మాట చెప్పడానికే వచ్చాడని నీరజ అనుకుంది. రెడ్డెమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, లేచి వచ్చి నీరజ భుజం మీద చెయ్యి వేసింది.

అతను సంచిలోంచి ఒక సీసా తీసి మంచం పక్కన బల్ల మీద పెట్టాడు. తేటగా ఉన్న నీళ్ళు. తర్వాత ఒక పొడవాటి స్టీలు గ్లాసు. తర్వాత, తువ్వాలులో చుట్టి చుట్టి తెచ్చిన ల్యాక్టోమీటర్.

"మీ నాయన శాంపిల్ పంపించినాడు," అన్నాడు.

నీరజకు అర్థం కాలేదు. అతను వివరంగా చెప్పాడు. వీధిలో ఎవరో పైపుకోసం తవ్వుతూ ఫోను లైను తెంపారు. తన సెల్లు లారీ చక్రం కింద పోయింది. ఇరవై ఎనిమిది తర్వాత గీత ఇంకొకటి దిగింది. ఆ సాయంత్రమే పువ్వు కాస్త విచ్చుకుంది. నిన్న పొద్దున చేపలు రెండూ దాంట్లోకి దూరాయి, మేత తిన్నాయి. తను కళ్ళారా చూశాడు. కానీ దొరస్వామికి నమ్మకం లేదు. తన కన్ను ఎక్కువవైపే పోతుందని, ముప్పై ఏళ్ళ అలవాటు కన్నును కూడా మోసం చేస్తుందని ఆయన భయం. కేంద్రంలో అనుమానం వచ్చిన పాలను సీసాలో పోసి పై ఆఫీసుకు పంపేవాళ్ళు. ఇప్పుడూ అదే చేశాడు.

"నువ్వు సూసి సెప్పేదాకా సుక్క పొయ్యనన్నాడు," అన్నాడు నాగేంద్ర. "పొద్దున ఫస్ట్ బస్సుకే నన్ను ఎక్కించినాడు."

నర్సు యశోదమ్మ వచ్చి బల్ల మీదివి చూసి ఇదేమిటంది. ఈడ కూడా పాల సెంటర్ పెట్టుకున్నామమ్మా అంది రెడ్డెమ్మ.

నాగేంద్ర సీసా మూత తియ్యబోతే నీరజ ఆపింది. బస్సులో ఎండకు నీళ్ళు వేడెక్కి ఉంటాయి. వేడి నీళ్ళలో గీత తప్పు పలుకుతుంది. నీడలో పెట్టి చల్లారనివ్వమంది. ముగ్గురూ సీసా చుట్టూ కూర్చున్నారు. ఆదిలక్ష్మి కూడా తన మంచం మీద నుంచి తల ఎత్తి చూస్తోంది. నీరజ మధ్యమధ్య సీసాకు వేళ్ళు ఆనించి చూసి, ఇంకా అని తల అడ్డంగా ఊపింది. తొందర ఆమెకే ఎక్కువ, అయినా ఊపింది.

చివరికి పొయ్యమంది. నాగేంద్ర నిండుగా పోశాడు. నీరజ పడుకున్నచోటి నుంచే చెయ్యి చాచి గాజుగొట్టాన్ని మెల్లగా దించి వదిలింది. అది మునిగింది, లేచింది, అటూ ఇటూ ఊగింది.  గొట్టం నిలిచాక నీరజ దానికి సమంగా కన్ను పెట్టి చూసింది.

ఇరవై ఏడు.

"ఇంగొక్క గీత," అంది. "అంతే. తొందరేం లేదని సెప్పు. ఈ పొద్దు సాయంత్రం కొంచెం, రేపు కొంచెం. ఆ తర్వాత నీళ్ళు మార్చొద్దు, ఎంత ఆవిరైతే అంత మంచినీళ్ళు పోసుకుంటూ పోతే చాలు."

"రోజూనా?"

"ఎండలున్నన్నాళ్ళు రోజూ." ఆమె భర్త ముఖంలోకి చూసింది. "నాయన చెయ్యి ఒప్పుతాండాదా?"

నాగేంద్ర నవ్వాపుకున్నాడు. "ఒప్పుతాండాది. నేను పక్కన నిలబడి సూసినా. కండ్లు మూసుకోని పోస్తాండాడు."

రెడ్డెమ్మ పకపకా నవ్వింది. నీరజ నవ్వలేదు, వెంటనే తల పైకెత్తింది.

"కండ్లు తెరిసి పొయ్యమను," అంది. "పువ్వు మీద పడతాయి."